ఆ గ్రంథులను కోసింది ఎవరు?

“రాజవ్వా, సోమవారం పన్నెండు తీసి పెట్టు. కాల్చినంక గాదు, కాల్చకముందే.”

“గిన్నేండ్ల సంది తీస్తున్న, ఇంకా నాకే చెప్తవా డాక్టరమ్మా?”

ఆమె నవ్వుతూ ఆటో ఎక్కింది. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా ఆయన పోయాక కరీంనగర్‌లో మేక తలకాయలు, కాళ్ళు కాల్చి అమ్మే దుకాణం నేనే నడుపుతున్నాను. చచ్చినవాటితోనే నా బతుకు. అవి తిరిగొచ్చేదుంటే ముందు నా దగ్గరికే రావాలి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

డాక్టరమ్మది కాగజ్‌నగర్. మెదడు ఒంటికి హుకుం ఎలా పంపుతుందో, అందులో హార్మోన్ల పనేమిటో మన దిక్కున మొదట పరిశోధించింది ఆమేనంటారు. నాకు తెలిసింది ఇంతే. మేక మెదడు కింద, ఎముక గుంటలో శనగగింజంత గ్రంథి ఉంటుంది. మంట తగిలితే అది పనికిరాదు. చితక్కుండా తీయడం ఆమే నేర్పింది. దాన్ని ముందు భాగం, వెనక భాగంగా కోసి రెండు సీసాల్లో వేసే పని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. భూతద్దం పెట్టుకుని, సన్నని బ్లేడుతో తానే కోసేది.

ఆ సోమవారం పొద్దున పన్నెండూ తీసి ఒకే సీసాలో వేశాను. మంచుడబ్బాలో పెట్టి మూత వేశాను. డబ్బా నా పీట పక్కనే ఉంది. నేను లేవలేదు.

మధ్యాహ్నం ఆమె ల్యాబులో పనిచేసే పెద్దసారు వచ్చాడు. డాక్టరమ్మ నిన్ననే గుండె ఆగి పోయిందన్నాడు. ఏడుస్తూనే డబ్బా అందించాను. మూత తీయగానే ఆయన ముఖం మారింది.

“ఎవలు కోసిన్రు గివి?”

రెండు సీసాలు. ఒకదాంట్లో ముందు భాగాలు, రెండోదాంట్లో వెనకవి. పన్నెండుకు పన్నెండూ.

“నువ్వే కోసినవ్. గిన్నేండ్లూ గిట్లనే చెయ్యి పెట్టినవేమో! గట్లయితే మేడం రాసిందంతా తప్పే గదా?”

“నాకు సూదిల దారమే ఎక్కదు సారూ. నన్నంటే అను, ఆమె పనిని అనకు.”

నేను మొదట ఆయన్నే అనుమానించాను. కానీ డబ్బా ఆయన చేతికి పోయి నిమిషం కూడా కాలేదు. తర్వాత దుకాణంలో నాకు సాయపడే మా మరిదిని అనుమానించాను. తలకాయలు కొట్టే ఆ చేతికి అంత సన్నని పని ఎక్కడిది? చివరికి నా చేతులనే అనుమానించాను. ఒంట్లో మనకు తెలియకుండా జరిగేదే ఎక్కువని డాక్టరమ్మ అనేది. అప్పుడు నా కళ్ళలో శుక్లాలు. ఆపరేషన్ అయ్యాక ఒక గ్రంథిని కోసి చూశాను. నుజ్జయిపోయింది.

ఇప్పుడు ఆమె జ్ఞాపకాల పుస్తకానికి నన్నూ రాయించమన్నారు. ఈ సంగతి వేస్తారో, తీసేస్తారో. నా చేతుల మీదుగా పోయిన ప్రతి గ్రంథీ కోత పడకుండానే పోయింది. ఆమె లెక్కల్లో నా తప్పు లేదు. ఆ పన్నెండు మాత్రం ఎలా తెగాయో నాకు ఇప్పటికీ తెలియదు.

“రాసినవా బిడ్డా? నేను అనంది ఏం కలపలే గదా? ఏమో, నాకు సదువు రాదాయె. మొదటి సంది సదువు, వింట.”