పలక కింది రెండు కిలోలు

2019 జూలై 18, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. టికిరి దగ్గరి మా కర్మాగారం కాలనీ మీద సన్నని ముసురు. కొండలు కనిపించడం లేదు. వ్యాయామశాల తూకం యంత్రం పలక అడుగున రెండు కిలోల ఇనుప తూకపురాయిని తీగతో కట్టాను. యంత్రం దానిని మూడు వారాలే మోసింది. నేను నేటికీ మోస్తున్నాను. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

కర్మాగారం ప్రయోగశాలలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. త్రాసును సున్నాకు తేకుండా ఏనాడూ ఏదీ తూచలేదు. అందుకే వ్యాయామశాల యంత్రాన్ని నాకు అప్పగించారు. నేను చూసిన సున్నాను మరొకరు మళ్ళీ సరిచూడటమంటే మా కాలనీలో నన్ను అవమానించినట్లే. ఆ మర్యాదనే వాడుకున్నాను.

రామారావు కాంట్రాక్టు కూలీ. బరువులెత్తేవాడు. రాయగడ పోటీలో అరవై ఏడు కిలోల విభాగంలో గెలిస్తే క్రీడాకోటాలో పర్మనెంటు ఉద్యోగం. అతని బరువు డెబ్బైన్నర. రాయగడలో మందుల దుకాణం నడుపుతూ, తరచూ మా ఇంటికి వచ్చి ఉండే నా బావమరిది అతనికి కొవ్వు ఆమ్లాల గుళికలు అమ్మాడు. కుసుమ నూనె నుంచి తీసినవట, కొవ్వును కరిగించి కండను పెంచుతాయట. నేను రుజువు అడిగాను. అతడు సీసా మీది బొమ్మ చూపించి, పదిమంది ముందు నా లెక్కలు పాతబడ్డాయన్నాడు.

రెండు వారాల్లో రామారావు ఒకటిన్నర కిలో తగ్గాడు. గుళికల వల్లనా, రోజూ కొండ ఎక్కి దిగడం వల్లనా? ఓపికగా ఆగి తేల్చుకోవలసినవాణ్ణి. బావమరిది గెలుస్తాడన్న ఊహనే భరించలేకపోయాను. రాయి కట్టాను.

ఆ ఉదయం ముల్లు మళ్ళీ డెబ్బై దాటింది.

"ఏటి బాబూ, పెరిగేనా?" అన్నాడు రామారావు.

బావమరిది వంగి చూశాడు. "ఏటి బావా, ముల్లు కూడా నీ మాటే ఇంటాదేటి? దీనికీ పింఛనీ వస్తందా?"

"ముల్లుకి సుట్టరికాలు ఉండవు" అన్నాను.

"అయితే పూటకి రెండు మింగరా, సూద్దాం" అన్నాడతడు రామారావుతో.

రామారావు నవ్వలేదు. "బాబు సూసింది తప్పవ్వదు. తిండి మానేత్తాను."

అప్పుడైనా నోరు తెరవవలసింది. నేను నమ్మినది అంకె ఒక్కదానినే కదా? దానినే అబద్ధం చేసి, ఆ అబద్ధానికే కాపలా కాశానా? అతడు అన్నం మానేశాడు. ఆగస్టు 8న నా యంత్రం పరిమితి కంటే ఎనిమిది వందల గ్రాములు ఎక్కువ చూపింది. వాటిని తగ్గించుకోవడానికి పోటీ దాకా నీళ్లు కూడా దాదాపు మానేశాడు. ఆ సాయంత్రమే నేను రాయి విప్పేశాను. అతనికి చెప్పలేదు. పోటీ దాకా అతడు మళ్ళీ ఆ యంత్రం ఎక్కలేదు.

ఇప్పుడు రామారావు రాయగడ గూడ్సు యార్డులో సిమెంటు బస్తాలు దింపుతున్నాడు. నిరుడు కనిపించి, "ఆ మాత్రలే నన్ను ముంచేసేయి బాబూ" అన్నాడు. తల ఊపాను. కాలనీలో బావమరిదితో ఎవరూ మాట్లాడరు. నాకది నేటికీ సంతోషమే. దానినీ దాచను. ఆ గుళికలు పనిచేశాయో లేదో నాకు తెలియదు. తెలుసుకోగలిగిన ఒకే ఒక్క కొలతను నేనే పాడుచేశాను.

క్షమించమని అడగను. చెప్పాను. తీగ కొంత వదులైనట్లుంది.

లెక్క ఇది. పరిమితి 67 కిలోలు. ఆగస్టు 8న నా యంత్రం చూపినది 67.8, నిజం 65.8. పదకొండున రాయగడ పోటీలో అతడు తూగినది 64.2. ప్రయత్నాలు మూడు. ఎత్తినది సున్నా.