చిన్నత్త పాతర గడ్డి

మా చిన్నత్త ఎవరింటికి వెళ్ళినా కుర్చీ అంచునే కూర్చునేది. "కాళ్ళ కింద ఎవరైనా నిప్పులు పోశారా?" అని నాన్న ఆటపట్టిస్తే, "నీకేం అన్నయ్యా, నీ ఉద్యోగానికి ఆదివారం ఉంది. ఆవులకి లేదుగా!" అనేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ పుట్టింట్లో గానీ అక్క ఇంట్లో గానీ ఒక్క రాత్రి పడుకోలేదు. తెల్లారితే పచ్చిగడ్డి కోయాలి, మోపులు మోయాలి, ముక్కలు కొట్టి తొట్లలో వెయ్యాలి. సాయంత్రం మళ్ళీ అదే. పాలు పితికి కేంద్రానికి చేర్చడం మామయ్య పని. కొడవలి పడితే చాలు, ఆయనకి నడుం పట్టేస్తుంది. పేకాటకి కూర్చుంటే మాత్రం పట్టదు.

కిందటేడు పెద్దత్తకి చూపు తగ్గడం మొదలైంది. ఇక మందులకి లొంగదని డాక్టరు తేల్చేశాడు. "కనపడుతుండగానే వచ్చి నాలుగు రోజులు ఉండవే. నీ మొహం కళ్ళారా చూసుకుంటాను," అని ఫోన్లో చెల్లెల్ని అడిగింది.

ఆ మాటతోనే చిన్నత్త పాతర గడ్డికి పూనుకుంది. మొక్కజొన్న గింజ పాలుపోసుకుని గట్టిపడబోతుండగా చేనంతా కోయించి, ముక్కలు కొట్టించి, కొట్టం వెనక గోతిలో పొరలు పొరలుగా పోయించింది. లోపల గాలి మిగిలితే బూజు పడుతుందని ప్రతి పొరా తనే ఎక్కి తొక్కింది. సెలవులకి వెళ్ళిన నేనూ తొక్కాను. మర్నాడు పిక్కలు పట్టేసి మంచం దిగలేకపోయాను. పైన పట్టా కప్పి, మట్టి పోసి, పాత టైర్లు పెట్టాక, "నెలన్నర మాగితే చాలు. తీసి వెయ్యడం మీ మామయ్యకి కూడా చేతనవును," అంది.

గొయ్యి తెరిచిన రోజూ నేనక్కడే ఉన్నాను. గడ్డి పుల్లటి వాసనతో, ఎక్కడా బూజన్నది లేకుండా వచ్చింది. నాలుగు రోజులు కొంచెం కొంచెం పెట్టి చూస్తే ఆవులు తొట్లు నాకేశాయి. ఐదో రోజు చిన్నత్త మర్నాటి బస్సుకి బట్టలు సర్దుకుంది. మామయ్య సంబరం పట్టలేక సంతకి వెళ్ళి, సాయంత్రానికి నాలుగు కొత్త ఆవుల్ని తోలుకొచ్చాడు.

"ఇన్నిటిని ఎవరు మేపుతారండీ?" అంది చిన్నత్త.

"గొయ్యి నిండా గడ్డి పెట్టుకుని అదేం మాటే? అంతా నీ చలవే!" అన్నాడు. ఆ పొగడ్తకి నాకు ఒళ్ళు మండింది.

కొత్త ఆవులు పాతర గడ్డికి మూతి తిప్పుకున్నాయి. వాటికి ఆ పులుపు కొత్త. పచ్చిగడ్డిలో కాస్త కాస్త కలిపి మప్పాలి. పచ్చిగడ్డి అంటే కొడవలి, కొడవలి అంటే చిన్నత్త. "ఒక్క వారం ఆగవే, అలవాటు పడనీ," అన్నాడు మామయ్య. ఆ వారం నెలయింది. తినే నోళ్ళు పెరిగేసరికి గొయ్యి సగానికి దిగింది, ఇంకో గొయ్యికి మొక్కజొన్న వెయ్యక తప్పలేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు చూడలేక, "నేను కోస్తాను, నువ్వు వెళ్ళిరా అత్తా," అని కొడవలి అందుకున్నాను. మధ్యాహ్నానికి నేను కోసిన మోపు చూసి చిన్నత్త నవ్వింది.

"ఇది దూడకి కూడా చాలదే పిల్లా. నువ్వే అక్క దగ్గరికి వెళ్ళు. అందరూ నీది మేనత్త పోలికే అంటారుగా. నిన్ను చూస్తే నన్ను చూసినట్టే ఉంటుంది." నవ్వుతూ మొదలుపెట్టిన మాట ఏడుస్తూ ముగించింది.

వెళ్ళాను. పెద్దత్త తలుపు తీసి, "వచ్చావా!" అంటూ నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, గడ్డం పట్టుకుని మొహంలో మొహం పెట్టి చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. గొంతు వింటే పోల్చేస్తుందని నేను నోరు విప్పలేదు. కాసేపైనా చెల్లెలే వచ్చిందనుకోనీ అనిపించింది.

పెద్దత్త నా చేతులు రెండూ తీసుకుని అరచేతులు తడిమింది. అవి మెత్తగా ఉన్నాయి.

"అది రాలేదన్నమాట," అంది.