వెనకగాలిలో పదమూడు రోజులు

గాలి వెనక నుంచి తోస్తుంటే పడవ మీద గాలే తగలదంటే సముద్రం ఎక్కనివాళ్ళు నమ్మరు. నేనూ నమ్మకపోయేవాణ్ణే. వీపు మీద చెమట ఆరదు. పొయ్యి పొగ మనతోనే ప్రయాణం చేస్తూ మన ముక్కుల్లోనే దూరుతుంది. పడవ మాత్రం తాగినవాడిలా ఈ పక్కకూ ఆ పక్కకూ తూలుతూ ముందుకు పోతూనే ఉంటుంది. బొంబాయి దగ్గరి రేవులో లాంచీ ఎక్కి, కాగితాలేవీ లేకుండా దుబాయికి బయల్దేరిన ఇరవై మందిలో నేనొకణ్ణి. మూడో రోజుకే ఇంజను చెడిపోయింది. లాంచీ నడిపే సరంగు పెద్ద తెరచాప ఎత్తించాడు.

అందరూ సంపాదనకు పోతున్నారు, నేను పారిపోతున్నాను. సిరిసిల్లలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాణ్ణి. సంఘం వాళ్ళు జెండాలకని ఎర్రగుడ్డ అడిగితే నేసిచ్చాను. నేను చేసిన విప్లవం అంతే. పోలీసులు ముస్తాబాద్‌లో మా చుట్టాల ఇంటికి పోయి నా గురించి అడిగారని తెలిసిన పొద్దే మా అన్న నన్ను బొంబాయి బస్సెక్కించాడు. అమ్మానాన్న పోయాక నన్ను సాకింది ఆయనే, చెయ్యి పట్టి పని నేర్పిందీ ఆయనే.

లాంచీలో ఒక కోరుట్లాయన ఉన్నాడు. భయానికి ఆయనతో నాది జగిత్యాల అని అబద్ధం చెప్పాను. నేను లాంచీ కోసం బొంబాయిలో నెల కాచుకున్నాను, ఆయన నాకన్నా మూడు వారాలు ఆలస్యంగా ఊరు విడిచినవాడు కనుక అటు కబుర్లన్నీ ఆయన దగ్గర తాజాగా ఉన్నాయి. అయిదో రోజు అన్నం తింటూ ఎత్తుకున్నాడు.

"గా సిరిసిల్ల ముచ్చట ఎరికేనా తమ్మీ? ఒకడు జెండాలకు ఎర్రగుడ్డ నేసిచ్చి పరారైండట. పోలీసోళ్ళు ఆని అన్నను పట్టుకపోయి ఠాణల ఏసిండ్రు. తమ్ముడు అస్తెనే ఇడుస్తరట. రోజు కొడుతుండ్రట పాపం."

 ఆ తమ్ముణ్ణి నేనేనని చెప్పాను. ఆయన పళ్ళెం కింద పెట్టి లేచాడు.

ఇద్దరం సరంగు దగ్గరికి పోయాం. కోరుట్లాయన ఉర్దూలో సంగతి చెబుతుంటే, పడవ తిప్పమని నేను సరంగు కాళ్ళు పట్టుకున్నాను. అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాస్త ఆశ మిగిలేది. ఇంజను లేదు, ఈ కాలంలో గాలి అటువైపే వీస్తుంది, ఎదురెక్కి పోవాలంటే నెల పడుతుంది, నీళ్ళు పది రోజులకే ఉన్నాయి అని పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. చుట్టూ ఒక్క గోడ లేదు. అయినా ఠాణాలో ఉన్న అన్నకన్నా నేనే గట్టిగా చిక్కుకున్నాననిపించింది. ఆ గాలిని నోటికొచ్చినట్టు తిట్టాను.

మర్నాడు తెరచాప నిలువునా చినిగింది. నేను సాలోణ్ణని, బట్ట నేసేవాణ్ణని కోరుట్లాయన చెప్పడంతో కుట్టే పని నా నెత్తిన పడింది. కుట్టనని మొండికేద్దామనుకున్నాను. కానీ కుట్టకపోయినా పడవ అటే కొట్టుకుపోతుంది, చేరేలోపు నీళ్ళు అయిపోతాయి, అంతే తేడా. మా ఇళ్ళల్లో నూలుకు గంజి పట్టించనిదే ఏ పనీ మొదలుకాదు. అలవాటు కొద్దీ అన్నం వార్చిన గంజి అడిగి తీసుకుని, దారానికి బాగా పట్టించి, ఎండబెట్టి, ముచ్చటగా కుట్టాను. తెరచాప చుట్టిపెట్టి పడుకున్నాం. తెల్లారి ఎత్తగానే అతుకంతా ఊడి కిందపడింది. బొద్దింకలు గంజితో పాటు దారాన్నీ కొరికి తినేశాయి.

"బొద్దింకలకు మంచి దావత్ ఇచ్చినవు గదనే!" అన్నాడు కోరుట్లాయన.

పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్విన మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. అన్నకు అదే వేళకు దెబ్బలు పడుతూ ఉండొచ్చు, నేనిక్కడ పళ్ళికిలిస్తున్నాను. మళ్ళీ కూర్చుని ఉత్త దారంతోనే కుట్టాను. ఈసారి అతుకు నిలిచింది. నన్ను అన్నకు దూరంగా ఈడ్చుకుపోయే గుడ్డకు నేనే కుట్లు వేసి, ఒడ్డు చేరేదాకా రోజూ దాన్ని చూస్తూ కూర్చున్నాను.

పదమూడో రోజున అరబ్బు ఒడ్డున ఎక్కడో దింపారు. చేతికి పని దొరికాక ఉత్తరం రాశాను. జవాబు వదిన రాసింది. నేను ఇక దొరకనని తేలాక అన్నను విడిచిపెట్టారట, కానీ చేతివేళ్ళు ముడవరావడం లేదట.

కేసు చల్లబడ్డాక, నాలుగేళ్ళకు ఇల్లు చేరాను. అన్న కాళ్ళ మీద పడి అంతా చెప్పాను. తిరిగి రావాలని ఎంత కొట్టుకున్నానో, గాలి ఎట్లా రానివ్వలేదో ఏడుస్తూ చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను. మండిపడ్డాడు.

"పిచ్చోడా! దెబ్బ పడ్డప్పుడల్ల నాకు ఒక్కటే రంది, నీకు ఎరికై యాడ ఉరికస్తవోనని. నువ్వు అచ్చుంటే నేను తిన్న దెబ్బలన్ని ఉత్తగ పోతుండెగదరా!"

వదిన చాయ్ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. ఆయన గ్లాసు కూడా పట్టలేడని నాకప్పుడే తెలిసింది. నేనే పట్టి తాగించాను.