పెద్దమ్మ మలుపులో మూసుకున్న కళ్లు

లారీ తాళంచెవి ఇవ్వమని ఎవరూ అడగలేదు. నా బావమరిదే జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

హిందూపురం శివార్లలో, అతను లారీ నడిపే ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఆఫీసులో జరిగిందిది. ఆ తాళంచెవి అతని చేతినుంచి పోకుండా చూడాలనే నేను పొద్దున్నే అనంతపురంలో బస్సెక్కాను. "బావా, నువ్వు పేపర్లో పనిచేసినోడివి, నీ మాటయితే ఇంటారు. వాడు నిద్రపోల్యా, పెద్దమ్మకు దండం పెట్టుకున్యాడు అని ఒక్క మాట జెప్పు, సాలు" అన్నాడు ముందురోజు ఫోన్లో. నేను ఆ మాటే చెప్పడం మొదలుపెట్టాను. సూపర్‌వైజరు ముప్పై ఏళ్లు దాటని మనిషి, మర్యాదస్తుడు. అడ్డు రాకుండా అంతా విన్నాడు. తర్వాత లాప్‌టాప్ మా వైపు తిప్పి, "సార్, మీరూ చూడండి. అన్నా, నువ్వూ చూడు" అన్నాడు.

క్యాబిన్ లోపలి కెమెరా తీసిన వీడియో అది. శబ్దం లేదు. బావమరిది స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నపు ఎండ అతని ముఖానికి ఒకవైపే పడుతోంది. కుడిచేయి లేచి గుండెను తాకింది, ఆ పైన కళ్లను తాకింది. కళ్లు మూసుకున్నాయి. చేయి మళ్లీ స్టీరింగు మీదికి దిగింది.

"ఇంగ తెరుస్తా సూడు బావా" అన్నాడు, తెర మీద ఉన్న తనను చూస్తూ.

తెరవలేదు. తల వాలలేదు, చేతులు జారలేదు. కళ్లు మూసుకుని నిటారుగా కూర్చున్న మనిషిని ఇనుప కమ్మీలు నిండిన లారీ ముందుకు మోసుకుపోతోంది. చాలాసేపు అనిపించాక క్యాబిన్ ఒక్కసారి ఎగిరిపడింది. అప్పుడు తెరిచాడు.

సూపర్‌వైజరు ఇంకోసారి వేయబోయాడు. బావమరిది అరచేయి అడ్డం పెట్టి వద్దన్నాడు. తాళంచెవి తీసింది ఆ తర్వాతే.

ఈ దండం సంగతి కొంచెం వెనకనుంచి చెప్పాలి. గోరంట్ల దాటి కదిరి వైపు పోతుంటే ఒకచోట రోడ్డు రెండు గుట్టల మధ్యకు దిగుతూ కుడికి తిరుగుతుంది. ఆ మలుపులో పసుపు పూసిన రాయి, దాని మీద రేకుల కప్పు. పెద్దమ్మ అంటారు. రోడ్డు వెడల్పు చేయకముందు అక్కడ లారీలు పడేవి. చనిపోయినవాళ్ల తోటి డ్రైవర్లే ఆ రాయి నిలబెట్టారని చెప్పుకుంటారు. బండి ఆపి మొక్కడానికి చోటు లేదు. ఒకవైపు గుట్ట, ఇంకోవైపు లోతైన వంక. అందుకని బండి కదులుతుండగానే చేయి గుండెకు, కళ్లకు ఆనించి రెప్పలు మూసి తెరవడం అక్కడి పద్ధతి. నేను విలేకరిగా తిరిగిన రోజుల్లో బస్సు ఆ మలుపు దగ్గరికొస్తే లోపల మాటలు ఆగిపోయేవి. డ్రైవరు దండం పెట్టేవాడు, కండక్టరు పెట్టేవాడు, వేరుశనక్కాయల మూట మీద కూర్చున్న ముసలమ్మ పెట్టేది. కళ్లు తెరిచేసరికి మలుపు దాటిపోయేది.

అప్పట్లో జిల్లా పేజీలో లారీ బోల్తా వార్తలు రెండే రకాలుగా ముగిసేవి. అతివేగం, లేకపోతే నిద్రమత్తు. నడిపినవాడు చెప్పడానికి మిగలనప్పుడు రెండోదే ఎక్కువగా అచ్చయ్యేది. అది నిజమో కాదో చెప్పే సాక్షి ఎవరూ ఉండేవారు కాదు.

ఆ సాక్షి ఈమధ్య వచ్చింది. కంపెనీ తన లారీలన్నిటికీ రెండేసి కెమెరాలు బిగించింది. ఒకటి రోడ్డును చూస్తుంది, ఒకటి డ్రైవరును చూస్తుంది. ఫోను పట్టుకున్నా, ఎక్కువసేపు పక్కకు చూసినా, రెప్పలు మూసినా కీచుమని మోగుతుంది. ఆపైన ఒక ఆడగొంతు హిందీలో మందలిస్తుంది. ఆ కబురు అదే క్షణంలో ఆఫీసుకు చేరుతుంది. డ్రైవర్లు దానికి పెట్టుకున్న పేరు అత్త.

అది వచ్చిన కొత్తలో నేను ఏదో పని మీద హిందూపురం నుంచి కదిరికి పోతూ గోరంట్లలో దిగాను. ఊరి చివర సంగటి హోటల్లో బావమరిది మధ్యాహ్నం భోజనానికి ఆగుతాడని తెలుసు. అతనితోపాటు అదే కంపెనీ డ్రైవర్లు ఇద్దరున్నారు. ఒకాయన గుబురు మీసాల పెద్దమనిషి, ఇంకొకాయన కదిరి సాయిబు. ముగ్గురి ముందూ సంగటి ముద్దలు ఆవిర్లు కక్కుతున్నాయి.

"ఏమప్పా, అత్త ఏమంటాంది?" అని అడిగాను బావమరిదిని.

"ఏమంటాది, కండ్లు తెరువు అంటాది. ఇన్నేండ్లల్లో నా పెండ్లాం గూడా నా మొగం ఇంతసేపు సూసిండదు బావా."

"సూసింటే ఆయమ్మ నీతో కాపరం చేసేదా?" అన్నాడు సాయిబు. ముగ్గురూ నవ్వారు.

మీసాలాయన మాత్రం కెమెరాను పూర్తిగా కాదనలేదు. ఒకసారి మోటారుసైకిలు ఎదురుదారిలో వచ్చి ఆయన లారీకి గుద్దుకుందట. ఊరి జనం చుట్టుముట్టి ఆయన్ని కిందికి లాగారట. రోడ్డును చూసే కెమెరా బొమ్మే ఆ పూట ఆయన్ని కాపాడింది. "బయట సూసే కన్ను మంచిదే అన్నా. నేను కాదనను. లోపల సూసేది యాలంట? నా మొగమేమన్నా రోడ్డా?"

"గోక్కునేకి గూడా సిగ్గయితాది" అన్నాడు సాయిబు.

"నువ్వు గోక్కునేది అత్తకు గూడా సిగ్గేలే" అన్నాడు బావమరిది.

నవ్వు తగ్గాక మీసాలాయన ముద్ద తుంచుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "మా నాయన పోయినాడని ఫోనొచ్చిన దినం బండి తిప్పుకోని ఏడుస్తా వస్తాండా. కండ్లు తుడ్సుకుంటాంటే అది మోగింది. నిద్రపోతాండావు, లెయ్ అనింది."

సాయిబు నీళ్ల చెంబు ఆయన వైపు జరిపాడు.

ముగ్గురికీ ఉన్న పెద్ద బాధ పెద్దమ్మ మలుపు దగ్గరే. అక్కడ దండం పెట్టుకున్న ప్రతిసారీ అత్త మోగుతుంది. నేను సాయిబు వైపు చూశాను. "మీరు కూడానా?"

"లారీ పడేది నా పేరడిగి పడతాదా అన్నా?" అన్నాడాయన.

తర్వాత కొన్నాళ్లకు డ్రైవర్లంతా కలిసి ఆఫీసుకు పోయారు. సూపర్‌వైజరు ఆ పక్క ఊరివాడే. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని బస్సులో ఆ మలుపు దాటినవాడే. తెర మీద రోడ్డు పటం తీసి చూస్తే హెచ్చరికల ఎర్రచుక్కలు దారి పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయట. పెద్దమ్మ దగ్గర మాత్రం చీమల పుట్ట పగిలినట్టు కుప్పపడి ఉన్నాయట. అన్ని లారీలవీ, అందరివీ. ఇంతమంది ఒకే చోట నిద్రపోరు కదా అన్నాడు. పైవాళ్లతో మాట్లాడి ఆ కాస్త దూరం లోపలి కెమెరా మోగకుండా, ఆఫీసుకు కబురు పోకుండా చేయించాడు. కోపంతో పోయినవాళ్లు అతనికి అరటిపళ్లు కొనిచ్చి వచ్చారు.

ఆ రోజు బావమరిది ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం. "ఈ రోడ్డు మొత్తం మీద అత్తకు కండ్లు ల్యాని తావు అదొక్కటే బావా" అన్నాడు.

నేనూ సంతోషించాను. యంత్రానికి తెలియని సంగతి ఒకటి మనుషులు చెప్పి ఒప్పించారనుకున్నాను. అప్పుడు నాకు గానీ వాళ్లకు గానీ సూపర్‌వైజరుకు గానీ తోచని విషయం ఒకటుంది. గోరంట్లలో సంగటి తిని బయలుదేరినవాడికి కడుపులో బరువు కళ్లలోకి ఎక్కే సమయానికి లారీ సరిగ్గా ఆ గుట్టల మధ్యకు చేరుతుంది. అక్కడికి చేరేదాకా రోడ్డుకు రెండు పక్కలా ఎండిన చేలు, చెట్టు నీడ లేని ఎర్రమట్టి, అద్దంలోంచి కొట్టే ఎండవేడి. ఆ సమయంలో దండం పేరుతో రెప్పలు వాల్చడం ఎంత హాయిగా ఉండి ఉంటుందో నేను చాలా ఆలస్యంగా ఆలోచించాను.

అలాంటి ఒక మధ్యాహ్నం అతని లారీ ఎడమ చక్రం రోడ్డు దిగి మైలురాయిని గుద్దింది. మనిషికి దెబ్బ తగల్లేదు, సరుకు పోలేదు. కానీ ఆ కుదుపు రోడ్డు వైపు కెమెరాను లేపింది. దానితోపాటు లోపలి బొమ్మ కూడా ఆఫీసుకు చేరింది. అదే మేము చూసింది.

తాళంచెవి బల్ల మీదే వదిలి ఆఫీసు బయట రేకుల షెడ్డు కింద నిలబడ్డాం. అతను నీళ్ల సీసా మూత తీశాడు గానీ తాగలేదు.

"బావా, నేను కండ్లు తెరిసినా. నాకి బాగా గుర్తుండాది. తెరిసేసరికి గొర్రె ఒకటి అడ్డమొచ్చినాది. దాన్ని తప్పించేకి తిప్పినా. రాయి తగిలింది."

రోడ్డు వైపు కెమెరా బొమ్మ కూడా సూపర్‌వైజరు లోపల మాకు అప్పటికే చూపించాడు. రోడ్డు ఖాళీగా ఉంది. గొర్రెలు దూరంగా కింద చేలో ఉన్నాయి. భుజాన కంబళి వేసుకున్న కాపరి రాయి విరిగిన చప్పుడుకు తిరిగి చూశాడు. అంతే ఉంది అందులో.

"దాంట్లో గొర్రె లేదు కదప్పా" అన్నాను.

"అదే బావా. మరి నాకి గుర్తుండే గొర్రె యాడిది?"

అతను సీసా నా చేతిలో పెట్టి మళ్లీ లోపలికి పోయాడు. నేను వెనకే పోయాను. అక్కడ మోగడం ఆగినప్పటినుంచి ఆ మలుపులో తీసిన తన వీడియోలన్నీ చూపించమని అడిగాడు. దండం పెట్టుకుని ఎప్పుడెప్పుడు వెంటనే కళ్లు తెరిచాడో, ఎప్పుడు తెరవలేదో తనకు తెలియాలన్నాడు.

సూపర్‌వైజరు ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. "ఆ తావువి దాచిపెట్టడం లేదన్నా. మోగితేనే దాస్తాది. ఆడ వద్దని మీరే అంటిరి కదా."

"ఒగటి గూడా లేదా?"

"లేదన్నా."

ఆ వారంలోనే సూపర్‌వైజరు డ్రైవర్లను పిలిచి, మలుపు దగ్గర హెచ్చరిక మళ్లీ పెట్టిస్తానన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు. మీసాలాయన అందరికంటే గట్టిగా మాట్లాడాడని తర్వాత సాయిబు చెప్పాడు. "ఒగడు పండుకుంటే అందర్నీ దొంగల్ని చేస్తారా? నా కండ్లు మూసినానో తెరిసినానో నాకి తెలీదా?" అన్నాడట. సాయిబు ఆ మాట చెబుతున్నప్పుడు నా బావమరిది నా పక్కనే ఉన్నాడు. వీడియో చూడకముందు నాతో ఫోన్లో అతను చెప్పిందీ దాదాపు అదే మాట.

అతను కొన్ని నెలలు ఊళ్లోనే ఉన్నాడు. వాన కోసం చూశాడు. వేరుశనగ విత్తనం పడే అదును దాటిపోయింది, పక్క చేల మాదిరే వాళ్ల చేనూ బీడు పడింది. పగలు కునుకు తీయడం మానేశాడని అతని భార్య చెప్పింది. మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూర్చుని, నిద్ర వస్తోందేమో అని తనను తానే కాపలా కాసుకునేవాడట. "నేను కండ్లు మూసినానేమో సూడు" అని ఆమెను అడిగేవాడట. ఆమె మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

లారీ తప్ప అతనికి వేరే పని రాదు. చివరికి హిందూపురంలోనే ఇంకో యజమాని దగ్గర పాత లారీ ఎక్కాడు. అవే కమ్మీలు, అదే దారి. ఎక్కిన మర్నాడు అతని భార్య నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఆ మలుపు కాడ యేం చేస్తాండాడో నువ్వడుగు. నేనడిగితే కసురుకుంటాడు."

అడిగాను.

"దండం మానేసినా బావా" అన్నాడు. "రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకోని పోతాండా."

"కళ్లో?"

ఫోన్లో లారీ ఇంజను చప్పుడు వినిపించింది. బండి ఆపి మాట్లాడుతున్నాడో నడుపుతూ మాట్లాడుతున్నాడో నేను అడగలేదు.

"తెరిసే ఉంటాయనుకుంటాండా" అన్నాడు.

ఆ పాత లారీకి కెమెరా లేదు. కెమెరాలున్న కంపెనీ లారీలు రోజూ గోరంట్లలో భోజనానికి ఆగి బయలుదేరుతున్నాయి. ఆ మలుపు దగ్గర అవి ఇప్పటికీ మోగవు.