గోదారి నాది, పడవ మీది

మొన్న ఆదివారం పొద్దున్న మా వీధరుగు మీద మనవరాలూ దాని స్నేహితులూ ఓ కొత్తరకం ఆట ఆడుతుంటే, పేపరు పక్కన పెట్టి వినడం మొదలెట్టాను. ఒకరు ఓ దేశాన్నీ అందులోని కొండల్నీ కోటల్నీ వర్ణిస్తారు, తక్కినవాళ్ళు తలా ఒక మనిషై అక్కడ తామేం చేస్తారో చెబుతారు, నెగ్గారో లేదో పాచికలు తేలుస్తాయి. వర్ణించేది మా మనవరాలు, దాని ఒళ్ళో దిండంత పుస్తకం. ఎదురుగా కూర్చున్న పిల్ల, వంతెన మీద కాలు పెట్టేముందు ఓ రాయి విసిరి చూస్తానంది. "అక్కర్లేదే, వంతెన గట్టిదని ఇందులో రాసుంది, నడువు," అంది మనది. ఒళ్ళు మండి, ఆ పిల్లని చూసుకోనివ్వవేమే అని అరిచాను. పిల్లలు బిత్తరపోయారు. ఆటకింత కోపమేమిటని మీరూ అనుకుంటారు గానీ, లాంచీల కాలం ఎరిగిన మీబోటివాళ్ళకి చెబితే అర్థమవుతుందండి.

ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదువుకుంటూ అక్షరం నిలబెట్టుకున్నవాణ్ణి నేను. రాజమండ్రి నుంచి ఎగువకి, పోలవరం మీదుగా కొండల్లోకి వెళ్ళే లాంచీలో టిక్కెట్లు చింపేవాణ్ణి. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, ఆ లాంచీకి సరంగు. చుక్కాని ఆయనది, మాట ఆయనది. మా పెద్దన్నయ్య ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. వరదరోజుల్లో లాంచీని రేవుకి కట్టేసినప్పుడు మావయ్య మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, కళ్ళు మూసుకుని గోదారి చెప్పేవాడు. ఇదిగో ఇక్కడ సుడి, ఇదిగో ఎడమన రాయి, ఎర్రనీరు ఎదురొస్తోంది, ఇప్పుడేం చేస్తావ్? మేం తలా ఒకటి చెప్పాలి. తప్పు చెప్పినవాడు ఆ పూటకి మునిగిపోయినట్టే, వాడు లేచి అందరికీ టీ తేవాలి. "గోదారి నాది, పడవ మీది," అనేవాడాయన. అంతకన్నా మంచి బడి నాకు దొరకలేదు, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

చిక్కల్లా అన్నయ్యతోనే వచ్చేది. పోలవరం దాటాక ఓ వంపు దగ్గర నిండా నీళ్ళున్నాయని మావయ్య చెప్పినప్పుడల్లా, ముందు గెడ వేయించి లోతు చూస్తాననేవాడు.

"ఏరా అల్లుడూ, గోదారి తవ్వింది నువ్వా నేనా?"

"అలా కాదు మావయ్యా, పడవ నాదన్నావు కదా, ఓసారి చూసుకుంటానంటున్నాను."

"చూస్కో, చూస్కో. నువ్వు చూసేలోగా పాసింజర్లు పిల్లల్ని కని పేర్లు కూడా పెట్టేస్తారు."

రేవంతా నవ్వేది. అన్నయ్య చెవులు ఎర్రబడేవి. అలా నవ్వగా నవ్వగా వాడు ఆ మాట అనడమే మానేశాడు.

ఆ ఏడు పెద్ద వరదొచ్చింది. నీళ్ళు తీశాక మొదటి ట్రిప్పుకి చుక్కాని అన్నయ్య చేతికిచ్చి, మావయ్య ముందు బల్ల మీద కూర్చుని ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. వంపు దగ్గరకొచ్చేసరికి నీళ్ళ రంగు మారింది, పైన ఒక్క కొంగ కూడా లేదు. గెడ వెయ్యమని కేకెయ్యడానికి అన్నయ్య నోరు తెరవడం నేను చూశాను. తెరిచి, మావయ్య వీపు వంక చూసి, మూసుకున్నాడు. మరుక్షణం లాంచీ అడుగున బరబరమని ఇసుక చప్పుడు. వరద మోసుకొచ్చి కొత్తగా వేసిన ఇసుక మేట అది. జనం మోకాల్లోతు నీళ్ళలోకి దిగి బతికిపోయారు. లాంచీ తాడు పట్టుకుని మేట అంచున నిలబడ్డ అన్నయ్య కాళ్ళకింద ఇసుక విరిగింది. తర్వాత దిగువన ఏదో లంక దగ్గర శవమై దొరికాడు.

మావయ్య ఏడవలేదనను, చాలా ఏడ్చాడు. కానీ మరుసటేడు వరదరోజుల్లో కొత్తవాళ్ళని కూర్చోబెట్టుకుని మళ్ళీ గోదారి చెబుతూ, ఆ వంపు రాగానే, ఇక్కడ మేట ఉంది, మా తాతలనాటినుంచీ ఉన్నదే, చూసుకోనివాడు పోతాడు, అన్నాడు. అదే గొంతు, అవే మూసిన కళ్ళు. కొత్తవాళ్ళు బుద్ధిగా తలలూపారు. ఆ మధ్యాహ్నమే నా టిక్కెట్ల సంచి ఆయన ముందు పడేసి వచ్చేశాను. ఆయన పోయాక కూడా నా కోపం పోలేదు, పోదు కూడా.

ఇప్పుడు ఆ లాంచీలు లేవు, ఆ సరంగులూ లేరు. పోలవరం దగ్గర ఆనకట్ట కడుతున్నారు, పైన నీళ్ళు నిలిస్తే ఆ వంపూ మేటా అడుగున పడిపోతాయి. ఈ కాలపు పిల్లలు ఎంత పెద్ద పుస్తకాన్నైనా ఆపి, నేను చూసుకుంటానంటున్నారు, అది చూస్తే ముచ్చటేస్తుంది, అన్నయ్యా గుర్తొస్తాడు. ఆనాడు లాంచీలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఆ మేట అంతకుముందు అక్కడ లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నేనూ పోయాక మావయ్య చెప్పిందే గోదారి అవుతుంది. మేట ఎప్పుడూ అక్కడ ఉన్నదే అవుతుంది, మా అన్నయ్య చూసుకోనివాడే అవుతాడు.