ఏడో దండ

నంద్యాలలో మా చిన్న ఫ్లాటు గుమ్మానికి నా కూతురు పాత పెళ్లి కార్డులు చుట్టి పూసల తెర కడుతోంది. ఆ మైదా జిగురు వాసనకు ఆళ్లగడ్డ ఇల్లు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అక్కడ అమ్మ కట్టిన తెరకు పన్నెండు దండలు, దండకు ముప్పై పూసలు. తొమ్మిది తక్కువైతే, పెట్టె అడుగున దొరికిన కార్డు కత్తిరించి చుట్టేశాను. అది అమ్మవాళ్ల నాయన కర్మ కార్డు. అలాంటివి చదవగానే చించేస్తారు, ఇంట్లో ఉంచరు. అమ్మ దాచుకుంది.

సంగతి తెలిసి అమ్మ తెర దగ్గరికొచ్చింది.

“లెక్కలదానా, యాడ గుచ్చినావ్?”

“ఏడో దండలోమా. విప్పాల్నా?”

“వద్దులే. ఆడనే ఉండనీ.”

ఆ తర్వాత గుమ్మం దాటేటప్పుడల్లా అమ్మ ఏడో దండను తడిమేది. పూసలు ఊడాయేమోనని చూస్తోందనుకుని, “అన్నీ ఉండాయిమా, పొద్దున్నే లెక్కపెట్టినా” అనేదాన్ని. అమ్మ తలూపేది.

ఆమె చూసుకున్నది లెక్క కాదని మా నాయన పోయాకగాని నాకు తెలియలేదు.