చెల్లెలి పెదవుల మధ్య కొర్రగింజ

ఈ పొద్దు బుక్కరాయసముద్రం సంతలో ఒక పాప గులాబీ రంగు పూసిన కోడిపిల్లను ముద్దు పెట్టుకుంటుంటే నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, సైకిల్ మీద గంపలో కిచకిచలాడుతూ మన వీధుల్లోకి వచ్చిన ఆ రంగు పిల్లలు?

మా చెల్లెలు సరళ తన కోడిపిల్లకు పెదవుల మధ్య కొర్రగింజ పెట్టుకుని తినిపించేది. దుప్పట్లో పక్కనే పడుకోబెట్టుకునేది. ఒకరోజు సరళకు జ్వరం, వాంతులు, రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోతుకు పోయాయి.

ముందురోజు పక్కింటి సాయమ్మ సరళకు బొరుగుల ఉగ్గాని పెట్టింది.

"ఆయమ్మ ఏం కలిపి పెట్టినాదో!" అంది అవ్వ. అమ్మ ఆ వైపు తలుపు మూసేసింది. మేమంతా సాయమ్మను అనుమానంగా చూశాం.

అనంతపురం ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ, "ఇంట్లో కోళ్లు ఉండాయా?" అని అడిగింది.

సరళ నీరసంగా నవ్వింది. "నా పిల్ల నా నోట్లో నుంచే తింటాది."

"చూసేకి బాగుంటాయి గానీ వాటి రెట్టలో రోగం ఉంటాది. ముక్కుకూ ఈకలకూ అదే అంటుకుంటాది," అంది డాక్టరమ్మ.

"మేం కోళ్లల్లోనే పెరిగినాం, మాకేం కాలేదే!" అని అవ్వ నమ్మలేదు. అమ్మ నమ్మింది.

సరళ కోలుకుని ఇంటికి వచ్చిన రోజే కోడిపిల్ల పెరట్లోకి పోయింది. దాన్ని తాకినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

ఆ సాయంత్రం అమ్మ సాయమ్మ గడప ముందుకు పోయి నిలబడింది. లోపలి నుంచి సాయమ్మే అడిగింది: "ఏమ్మా, పాప అన్నం తింటాందా?"

అమ్మ అక్కడే ఏడ్చేసింది.